బలాన్ని కొలిచిన చరిత్ర: ఎవరు కొలిచారు? దేన్ని కొలిచారు?



"వాడికి బలముంది, వీడికి లేదు" అని ఆటల సెలక్షన్లలో ఒక్క పరీక్షతో తేల్చేస్తుంటారు. ఈ అలవాటుకి 200 ఏళ్ల చరిత్ర ఉంది. అందులో మనలాంటి మూలవాసులూ ఉన్నారు, అందుకే తెలుసుకోవాలి.

18వ శతాబ్దం చివర పారిస్‌లో రెనియే అనే ఆయన డైనమోమీటర్ తయారుచేశాడు. చేతితో పిండితే పట్టు ఎంతో ముల్లు చూపిస్తుంది. 1800లో ఫ్రాన్స్ నుంచి ఆస్ట్రేలియా వైపు బయలుదేరిన బోదాన్ నౌకాయాత్రలో పెరోన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త దాన్ని వెంట తీసుకెళ్లాడు. టాస్మానియా, ఆస్ట్రేలియా మూలవాసులతోనూ, తిమోర్ వాసులతోనూ పిండించాడు. యూరోపియన్ల అంకెలతో పోల్చి, "అనాగరికులు" బలహీనులని రాసేశాడు. ఆ జనం అలాంటి పరికరాన్ని అంతకుముందు చూడనే లేదు. వాళ్ల నడక, ఈత, వేట ఏవీ ఆ ముల్లుకి కనపడవు. కొలిచింది పిడికిలిని, తీర్పు మాత్రం మొత్తం జాతి మీద!

తర్వాత శాస్త్రమే ఈ పద్ధతిని ప్రశ్నించింది. 1921లో అమెరికాలో సార్జెంట్ నిలబడి పైకి ఎగిరే పరీక్ష పెట్టాడు. బలంతో పాటు వేగమూ ముఖ్యమే అన్నది దాని సారం. 1938లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఎ.వి. హిల్ కప్ప కండరాల మీద ప్రయోగాలు చేసి, బరువు పెరిగేకొద్దీ కండరం కుదించుకునే వేగం తగ్గుతుందని లెక్కకట్టి చూపించాడు. బలాన్ని వేగంతో గుణిస్తే వచ్చేది పవర్. అది బరువు మరీ ఎక్కువైనప్పుడు కాదు, కండరం లాగగలిగే గరిష్ఠ బరువులో సుమారు మూడోవంతు దగ్గర ఎక్కువగా ఉంటుంది.

ఇప్పుడు ఆటల్ని పోల్చి చూడండి. పవర్‌లిఫ్టింగ్‌లో డెడ్‌లిఫ్ట్ బరువు చాలా ఎక్కువ, కదలిక నెమ్మది. పేరులో పవర్ ఉన్నా అది ముఖ్యంగా బలం ఆట. అసలు పవర్ ఎక్కువ కనిపించేది ఒలింపిక్ వెయిట్‌లిఫ్టింగ్‌లో. మన శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. అందులో బలమొక్కటే కాదు, బరువుని క్షణంలో పైకి లేపే వేగం కూడా ఉంది. స్ప్రింటర్ కండరాల్లో సాధారణంగా వేగంగా కుదించుకునే పోగులు ఎక్కువ. మారథాన్ రన్నర్‌కి నెమ్మదిగా కుదించుకునే, త్వరగా అలసిపోని పోగులు ఎక్కువ. విలుకాడికి కావాల్సింది ఇంకోటి: లాగిన వింటిని వణక్కుండా నిలబెట్టే బలం. రాజస్థాన్ ఆదివాసీ బిడ్డ లింబా రామ్ 1992లో బీజింగ్‌లో ప్రపంచ రికార్డుని సమం చేశాడు. అతన్ని ఎగిరే పరీక్షతో కొలిస్తే ఏం తెలుస్తుంది?

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఎవరైనా "నీకు బలం చాలదు" అంటే కుంగిపోవద్దు. ఏ పరీక్ష పెట్టారు, అది ఏ ఆటకి సరిపోతుంది అని మర్యాదగానే అడగండి. గుట్టలెక్కే కాళ్లకి, విల్లు పట్టే చేతులకి తగిన ఆట వెతుక్కోండి. పెరోన్ ముల్లు చెప్పింది చివరి మాట కాదు.

మీ ఊళ్లో ఏ ఆటకి ఎవరు తయారవుతున్నారో కింద రాయండి. జై ఆదివాసీ!