టెక్స్ట్ అడ్వెంచర్ ఆటల సమీక్ష: చరిత్ర

తెరపై బొమ్మలు లేకుండా అక్షరాలతోనే నడిచే కంప్యూటర్ ఆటలు టెక్స్ట్ అడ్వెంచర్లు. వీటిలో కథకు పెద్దపీట వేసేవాటిని ఇంటరాక్టివ్ ఫిక్షన్ (ఐఎఫ్) అంటారు. ఆట ఒక చోటును వర్ణిస్తుంది. ఆడేవారు ‘ఉత్తరానికి వెళ్ళు’, ‘దీపం తీసుకో’ లాంటి చిన్న ఆజ్ఞలను ఇంగ్లీషులో టైపు చేస్తారు. ఆజ్ఞను విడదీసి అర్థం చేసుకునే భాగాన్ని పార్సర్ అంటారు. 1990ల నుంచి ఈ ఆటలు రాసేవారిలో అత్యధికులు డబ్బు ఆశించని ఔత్సాహికులు. వాటిని ఆడి బాగోగులు రాసేవారూ అంతే. గంటా రెండు గంటల్లో ముగిసే చిన్న ఆట ఒక రూపంగా నిలదొక్కుకోవడంలో ఈ సమీక్షకుల పాత్ర రచయితల పాత్రకు ఏమాత్రం తీసిపోదు.

పత్రికల కాలం

తొలి ఆటకు సమీక్షలు లేవు, నోటి మాటే ప్రచారం. అమెరికాలో ప్రోగ్రామరూ గుహాన్వేషకుడూ అయిన విల్ క్రౌథర్ కెంటకీలోని మామత్ గుహల ఆధారంగా 1970ల మధ్యలో ‘అడ్వెంచర్’ రాశాడు. 1977లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన డాన్ వుడ్స్ దాన్ని విస్తరించాడు. ఎం.ఐ.టి. విద్యార్థులు ‘జోర్క్’ రాయడం, 1979లో ఇన్ఫోకామ్ సంస్థ పుట్టడం ఆ వెంటనే జరిగాయి. ఇన్ఫోకామ్ ఆటలు దుకాణాల్లో అమ్ముడయ్యే సరుకు కాబట్టి వాటి సమీక్షలూ కొనాలా వద్దా అని చెప్పే సలహాలుగానే ఉండేవి.

ఔత్సాహికుల ఆటలు మొదట వెల్లువెత్తింది బ్రిటన్‌లో. 1983లో గిల్‌సాఫ్ట్ సంస్థ విడుదల చేసిన ‘ది క్విల్’ వల్ల ప్రోగ్రామింగ్ రానివాళ్ళు కూడా స్పెక్ట్రమ్ కంప్యూటర్ మీద ఆట కట్టగలిగారు. ఇంట్లో రాసి, క్యాసెట్టుకెక్కించి, తపాలాలో అమ్ముకునేవారు. ‘క్రాష్’ వంటి పత్రికలు అడ్వెంచర్ ఆటలకు ప్రత్యేక శీర్షికలు నడిపాయి. 1986లో శాండ్రా షార్కీ ప్రారంభించిన ‘అడ్వెంచర్ ప్రోబ్’ పూర్తిగా అభిమానులు అభిమానుల కోసం నడుపుకున్న చిరుపత్రిక. చిక్కుముడి దగ్గర ఆగిపోయినవారికి సూచనలు, కొత్త ఆటల పరిచయాలు అందులో పక్కపక్కనే వచ్చేవి. ఆట బాగోగులు చెప్పే పనీ, ఆడేవాడికి చెయ్యందించే పనీ అప్పటి నుంచీ కలిసే సాగుతున్నాయి.

యూజ్‌నెట్ సమీక్షకులు

1989లో ఇన్ఫోకామ్ మూతపడింది. టెక్స్ట్ అడ్వెంచర్ల పని అయిపోయిందని మార్కెట్ తీర్మానించిన సమయంలోనే యూజ్‌నెట్ అనే ఆన్‌లైన్ చర్చా బృందాల్లో వాటి రెండో జీవితం మొదలైంది. మైక్ రాబర్ట్స్ రూపొందించిన టాడ్స్, 1993లో గ్రాహమ్ నెల్సన్ విడుదల చేసిన ఇన్‌ఫార్మ్ అనే రెండు రచనా భాషలు అందుకు పునాది. 1992లో ఫోల్కర్ బ్లాసియస్ జర్మనీలో నెలకొల్పిన ఐఎఫ్ ఆర్కైవ్ ఈ ఆటలన్నిటికీ ఉచిత భాండాగారమైంది.

ఆటలు ఉచితమయ్యాక సమీక్ష స్వభావమే మారింది. ధర గురించి మాట్లాడాల్సిన పని పోయింది. ఆట ఎలా పనిచేసింది, ఎక్కడ తడబడింది అనేవే ప్రశ్నలయ్యాయి. రచయితకు దక్కే ప్రతిఫలం కూడా ఆ సమీక్షే. 1994లో కెవిన్ విల్సన్ సమీక్షల కోసమే ‘స్పాగ్’ అనే ఎలక్ట్రానిక్ పత్రిక పెట్టాడు. 1995 జనవరిలో ఐలీన్ మలిన్ ‘జిజీ న్యూస్’ పత్రిక ప్రారంభించింది. ఆర్కైవ్‌లోని ఆటలకు రెండు మూడు వాక్యాల పరిచయం, ఐదు నక్షత్రాల కొలతతో కార్ల్ మకెన్‌హౌప్ట్ తయారుచేసిన ‘బాఫ్స్ గైడ్’ చాలాకాలం కొత్తవారికి దారి చూపింది.

సమీక్షకులు వాడే కొలమానాలూ ఈ రోజుల్లోనే తయారయ్యాయి. నెల్సన్ తన ‘ది క్రాఫ్ట్ ఆఫ్ అడ్వెంచర్’ వ్యాసాల్లో ఆడేవారి హక్కుల జాబితా ఇచ్చాడు: హెచ్చరిక లేకుండా చంపకూడదు, చచ్చి బతికి తెలుసుకున్న సంగతితోనే ముడి విడేలా పెట్టకూడదు, సరైన క్రియాపదం కోసం వెతుకులాడించకూడదు అని. ఆండ్రూ ప్లాట్కిన్ 1996లో ఆటల కర్కశత్వానికి దయ నుంచి క్రూరత్వం దాకా ఐదు మెట్ల కొలత ప్రతిపాదించాడు. ఆట గెలవలేని స్థితికి చేరినా ఆడేవారికి ఆ సంగతి తెలియకపోవడం చివరి మెట్టు. ‘ఈ ఆట కష్టం’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకునే సమీక్షకుడికి ఈ కొలత కొత్త చూపునిచ్చింది.

అయితే ఆ తరంలో ఎగతాళి కూడా ఉండేది. బడికి వెళ్ళే వయసు బాలుడొకడు రాసిన ‘డిటెక్టివ్’ అనే ఆటను 1995లో మరో రచయిత వాక్యం వాక్యానికీ వెటకారం జోడించి తిరిగి విడుదల చేశాడు. అది బాగా పేరు తెచ్చుకుంది. నేర్చుకుంటున్న పిల్లవాడి తొలి ప్రయత్నాన్ని అలా ఊరేగించడం ఈ చరిత్రలో మెచ్చుకోదగ్గ ఘట్టం కాదు.

రెండు గంటల నియమం

1995లో విల్సన్ మొదలుపెట్టిన వార్షిక ఇంటరాక్టివ్ ఫిక్షన్ పోటీ, వాడుకలో ఐఎఫ్‌కాంప్, ఈ చరిత్రకు ప్రధానమైన మలుపు. తొలి ఏడు 12 ఆటలు వచ్చాయి. ఇన్‌ఫార్మ్ విభాగంలో ప్లాట్కిన్ ‘ఎ చేంజ్ ఇన్ ది వెదర్’, టాడ్స్ విభాగంలో మాగ్నస్ ఓల్సన్ ‘అంకుల్ జెబులన్స్ విల్’ గెలిచాయి. ఎవరైనా న్యాయనిర్ణేత కావచ్చు. ఒక్కో ఆటను గరిష్ఠంగా రెండు గంటలు ఆడి, ఒకటి నుంచి పది దాకా మార్కు వేయాలి. ఆ పైన ఆడుకోవచ్చు గాని మార్కు మార్చకూడదు.

నిర్ణేతల వీలు కోసం పెట్టిన ఈ హద్దు రచయితల చేతిలో శిల్పమైంది. నలభై గదుల కోట కట్టేవాళ్ళు ఒక గది, ఒక సాయంత్రం, ఒక మనిషి చాలనుకోసాగారు. పేరును బట్టి మార్కు పడకూడదని మారుపేర్లతో పోటీ చేసినవారున్నారు. 1996 విజేత ‘ఏంజెలా ఎం. హార్న్స్’ నిజానికి నెల్సనే, అతని పేరులోని అక్షరాలనే తారుమారు చేస్తే ఆ పేరు వస్తుంది. 1998లో గెలిచిన ‘ఫోటోపియా’ను ఆడమ్ కాడ్రే కూడా మారుపేరుతోనే పంపాడు. అందులో చిక్కుముడులు దాదాపు లేవు, ఆడేవారు ఏం చేసినా కథ తన దారిన తాను సాగుతుంది. ఇది ఆటేనా అన్న వాదం రేగింది. అంతకు ముందు సమీక్షలు ముడుల తర్కాన్ని తూచేవి. ‘ఫోటోపియా’తో అవి కథనం, దృక్కోణం, ఆడేవారి నిస్సహాయత గురించి మాట్లాడక తప్పలేదు. ఒకే ఒక్క ఆజ్ఞతో ముగిసే శామ్ బార్లో ‘ఐల్’ (1999), ఒకే పాత్రతో సంభాషణగా సాగే ఎమిలీ షార్ట్ ‘గలాటియా’ (2000) వచ్చేసరికి వాటిని చదవగలిగే సమీక్షకులు సిద్ధంగా ఉన్నారు.

పోటీ ఆటలను ఏటా వరసగా సమీక్షించినవారిలో పాల్ ఓబ్రయన్ ముఖ్యుడు. 1996 నుంచి ఎనిమిదేళ్ళకు పైగా ఆ పని చేసి, ‘స్పాగ్’ సంపాదకుడై, 2002లోనూ 2004లోనూ తానే పోటీ గెలిచాడు. ఓల్సన్ సైతం విజేత, ‘స్పాగ్’ సంపాదకుడు. ఎమిలీ షార్ట్ సమీక్షలు ఆటలంత విలువైనవి. ఏ ఎంపిక ఎందుకు ఫలించిందో ఒక తోటి పనివాడికి చెప్పినట్టు విప్పి చెబుతాయి. 2003లో నిక్ మాంట్‌ఫర్ట్ పుస్తకం ‘ట్విస్టీ లిటిల్ పాసేజెస్’ ఈ ఆటల పూర్వరూపాన్ని పొడుపుకథలో చూసింది.

సమీక్షకుల పద్ధతులు

శ్రద్ధగల సమీక్షకుడు ఆట మొదలుపెట్టగానే ‘స్క్రిప్ట్’ అని టైపు చేస్తాడు. అక్కడి నుంచి ప్రతి ఆజ్ఞ, ప్రతి జవాబు ఒక ఫైలులో నమోదవుతాయి. మధ్యలో తోచిన మాటను నక్షత్రం గుర్తుతో మొదలుపెట్టి అక్కడికక్కడే రాస్తాడు. పార్సర్‌కు అది అర్థం కాకపోయినా ఫైలులో ఉండిపోతుంది. పోటీ ముగిశాక ఆ ఫైలు రచయితకు చేరుతుంది. ఆడేవాడు ఎక్కడ తికమకపడ్డాడో రచయిత వరస వరసగా చూడగలడు. అలాంటి వీలు నవలాకారులకు కూడా లేదు.

ముందుగా పరీక్షించేది వర్ణనలోని నామవాచకాలను. గదిలో కిటికీ ఉందని చెప్పి, దాన్ని చూడబోతే ‘అలాంటిదేమీ లేదు’ అని ఆట అంటే నమ్మకం సడలుతుంది. తరవాత పర్యాయపదాలు, గెలవలేని స్థితులు, అచ్చుతప్పులు. రహస్యం బయటపెట్టకుండా రాయడానికి యూజ్‌నెట్‌లో ఖాళీ వరసలు వదిలేవారు, లేదా ప్రతి అక్షరాన్నీ పదమూడు స్థానాలు జరిపే రాట్13 అనే మరుగు లిపి వాడేవారు.

ట్వైన్ తరవాత

2007లో మైక్ రాబర్ట్స్ ప్రారంభించిన ఐఎఫ్‌డీబీ అనే వెబ్‌సైటు వల్ల ఆటల వివరాలు, మార్కులు, సమీక్షలు ఒకచోట చేరాయి. పాఠకులెవరైనా అందులో రాయవచ్చు. ఇంతలో క్రిస్ క్లైమస్ 2009లో విడుదల చేసిన ట్వైన్ అనే రచనా సాధనం ఆట స్వరూపాన్నే మార్చింది. టైపు చేసే ఆజ్ఞ స్థానంలో నొక్కే లింకు వచ్చింది. 2012 పోటీలో పోర్పెంటైన్ రాసిన ‘హౌలింగ్ డాగ్స్’ గెలవలేదు గాని, ఎక్కువగా చర్చకు వచ్చిన ఆటల్లో ఒకటైంది. పార్సర్ ఆటల కోసం అలవరచుకున్న పరీక్షలు ఇక్కడ పనికిరావు. లింకు ఏ మాట మీద పెట్టారు, నొక్కాక ఏం మారింది, తిరిగి వెళ్ళనివ్వకపోవడంలో అర్థం ఏమిటి అని అడగాల్సి వచ్చింది. పాత సమీక్షకులు కొందరు వీటిని తోసిపుచ్చారు. అది తొందరపాటు. ‘ఫోటోపియా’ నాడు అడిగిన ప్రశ్ననే వాళ్ళు మళ్ళీ అడిగారు.

పోటీ నిర్వహణ 2016లో ఏర్పడిన లాభాపేక్ష లేని ఇంటరాక్టివ్ ఫిక్షన్ టెక్నాలజీ ఫౌండేషన్ చేతికి వచ్చింది. తరవాత ఐఎఫ్‌డీబీ బాధ్యతనూ అదే తీసుకుంది. 2020 పోటీకి 103 ఆటలు రావడంతో అన్నీ ఆడటం ఒక్కరి వల్ల అయ్యే పని కాకుండా పోయింది. జాబితాలో ముందున్న ఆటలకే సమీక్షలు దక్కకుండా ఒక్కో నిర్ణేతకు ఒక్కో రకంగా కలగాపులగం చేసిన వరస ఇస్తారు. కనీసం ఐదు ఆటలకు మార్కులు వేస్తే ఓటు చెల్లుతుంది.