కారు మరమ్మతు కూలి: న్యాయమెంత, అన్యాయమెంత?

'మరమ్మతు' అన్న మాట మన నోట నలిగి నలిగి, అది పరభాషాపదమన్న స్పృహ కూడా మనకు పోయింది. అరబ్బీలో పుట్టి, పారసీకం మీదుగా ఉర్దూలోకి వచ్చి, అక్కడినుండి తెలుగు కచేరీలలోకీ, చెరువుగట్ల మీదికీ, చివరకు కార్ల షెడ్లలోకీ చేరింది. మాట అరువుదే కాని, మరమ్మతు కూలి గురించిన తగవు మాత్రం ఈ దేశానికి అరువుది కాదు.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో నాలుగవ అధికరణం కంటకశోధనం. దాని మొదటి అధ్యాయం పేరు కారుకరక్షణం. కారుకుడనగా చేతిపనివాడు. మోటారు కారుతో ఈ మాటకు ఏ చుట్టరికమూ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. నేతపనివారు, బట్టలుతికేవారు, బంగారుపనివారు మొదలైనవారికి ఏ పనికి ఎంత కూలి, గడువు దాటితే ఎంత కోత, ఇచ్చిన సరకు పాడుచేస్తే ఎంత దండన అన్న లెక్కలు ఆ అధ్యాయంలో ఉన్నాయి. అక్కడి రక్షణ ప్రధానంగా పనివాని వలన ప్రజకు నష్టం కలగకుండా చూసే రక్షణ. ఎందుకంటే వస్తువు పనివాని చేతిలో ఉన్నంతసేపూ యజమాని నిస్సహాయుడు. ఏ పని జరిగిందో చూడలేడు. చూసినా దాని విలువ కట్టలేడు.

షోరూము వారి సర్వీసు కేంద్రంలో చేతికిచ్చే బిల్లు న్యాయమైనదేనా, ఆ పని మనమే చేసుకుంటే పోదా అన్న ప్రశ్న ఈనాడు కారున్న ప్రతి ఇంటా వినిపిస్తున్నది. దీనికి ధరల పట్టికలో కంటె చరిత్రలోనే మంచి సమాధానం దొరుకుతుందని నా అభిప్రాయం.

1908లో అమెరికాలో ఫోర్డు సంస్థ మోడల్ టీ కారును తెచ్చింది. 1927లో ఆపేనాటికి దాదాపు కోటిన్నర బండ్లు తయారైనవి. 800 డాలర్ల పైచిలుకుతో మొదలైన వెల 1920ల నడుమకు 300 లోపుకు దిగింది. దానిని కొన్నవారిలో రైతులు ఎందరో. నాగలి బాగుచేసుకొన్న చేతులతోనే వారు కారునూ విప్పి బిగించుకొన్నారు. బండితోపాటు వచ్చే పుస్తకం ఏ భాగాన్ని ఎలా విప్పాలో యజమానికే చెప్పేది. స్వయంగా చేసుకోవడం ఆనాడు పొదుపరుల వింత అలవాటు కాదు, కారు ఉండడమంటేనే అది.

పట్టణాలలో చేతకానివారూ, తీరికలేనివారూ పెరిగేసరికి షెడ్లు పెరిగాయి. వాటితోపాటు ఎంత పడితే అంత అడుగుతున్నారన్న ఫిర్యాదూ పెరిగింది. దానికి విరుగుడుగా ఫ్లాట్ రేటు అనే పద్ధతి వచ్చింది. ఏ పనికి ఎన్ని గంటలో పుస్తకంలో ముందే రాసి, గంట కూలితో హెచ్చవేస్తారు. 1920ల నాటికే ఫోర్డు తన డీలర్ల చేత దీనిని పాటింపజేయాలని చూసింది. నేటి సర్వీసు బిల్లులోని లేబరు పద్దుకు మూలపురుషుడు ఇదే. ఇందులో గుణముంది: పని మొదలుకాక ముందే వెల తెలుస్తుంది. దోషమూ ఉంది: మనం చెల్లించేది జరిగిన పనికి కాదు, పుస్తకంలోని పనికి. రెండు గంటలని రాసినది గంటలో ముగిసినా రెండు గంటల కూలీ ఇవ్వవలసిందే.

మన దేశంలో కథ వేరుగా నడిచింది. స్వాతంత్ర్యానంతరం నాలుగు దశాబ్దాలపాటు మన రోడ్ల మీద కనిపించిన కార్లు ప్రధానంగా రెండు: అంబాసిడరు, ఫియట్. రెండవదే తరువాత ప్రీమియర్ పద్మిని అయింది. ఏళ్ల తరబడి పెద్దగా మారని యంత్రాలు కావడంచేత వాటి రహస్యాలు ఊరూరి మెకానిక్కుకూ కంఠస్థమయ్యాయి. 1960లలో మొదలైన విజయవాడ ఆటోనగరు ఆ విద్యకు పెద్ద బడి. లేతుపని, వెల్డింగు, రేడియేటర్లు, స్ప్రింగు పట్టీలు, బాడీ కట్టడం, ఒక్కొక్క వీధికి ఒక్కొక్క శాస్త్రం. పాఠ్యపుస్తకం లేదు, గురువు చేతినుండి శిష్యుని చేతికి దిగిన విద్య.

నా దగ్గర కూడా 1990లలో ఒక పాత ఫియట్ ఉండేది. స్పార్కు ప్లగ్గులు గరుకు కాగితంతో రుద్దడం, కార్బొరేటరు జెట్టు నోటితో ఊదడం, పాయింట్ల సందు సరిచేయడం, వ్యాకరణం చెప్పుకొని బతికే నాబోటివాడికీ పట్టుబడ్డాయి. షెడ్డుకు వెళ్ళినా మెకానిక్కు పక్కనే నిలబడి చూసేవాణ్ణి. అడిగిన కూలి ఎక్కువనిపిస్తే పక్క షెడ్డు ఉండనే ఉండేది.

1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. కంపెనీ సర్వీసు అన్న మాటకు గౌరవం దానితో హెచ్చింది. ఆ తరువాత ఉద్గారాల నిబంధనలు కఠినమవుతూ వచ్చాయి. కార్బొరేటరు పోయి ఇంధనాన్ని కొలిచి చిమ్మే ఇంజెక్షను వచ్చింది. దానిని నడిపే కంప్యూటరు వచ్చింది. బీఎస్ 4 ప్రమాణాలు 2010లో ఎంపిక చేసిన నగరాలకూ, 2017లో దేశమంతటికీ వర్తించాయి. 2020 ఏప్రిల్లో బీఎస్ 6 వచ్చింది. ఇది కుట్ర కాదు. మన పిల్లలు పీల్చే గాలి కోసం చేసిన మార్పు. అయితే దీనితో ఒక ఫలం వెంటవచ్చింది: రోగం చెప్పవలసిన యంత్రం ఇప్పుడు స్కానరుతోనే మాట్లాడుతుంది. ఆ స్కానరు, దాని సాఫ్ట్‌వేరు, సర్వీసు పుస్తకం కంపెనీ చేతిలో ఉండిపోయాయి.

ఇక బిల్లు. ఆమధ్య ఒక అధీకృత సర్వీసు కేంద్రంలో నా చిన్న కారుకు ఇచ్చిన బిల్లును తెలుగు వాచకంలా పంక్తి పంక్తీ చదివాను. ఇంజను ఆయిలు, ఆయిలు ఫిల్టరు సమంజసమే. ఏసీ గాలి వడకట్టే ఫిల్టరు మార్చినందుకు విడిగా కూలి. అది డ్యాష్‌బోర్డులోని పెట్టె ఊడదీసి అయిదు నిముషాలలో చేతితో మార్చదగిన పని. నేను అడగని 'శుభ్రపరచుట'లు మరి రెండు. మరుసటి ఏడు ఆ ఫిల్టరు కొని ఇంట్లో నేనే వేసుకొన్నాను. బ్రేకుల జోలికి మాత్రం పోలేదు.

డీలరు వైపు మాటా వినాలి. స్థలానికి అద్దె, ఖరీదైన పనిముట్లు, శిక్షణ, పని చెడితే బాధ్యత, ఇవన్నీ గంట కూలిలో కలిసి ఉంటాయి. పన్నూ ఉంది: 2017 జూలై నుండి జీఎస్టీ కింద చాలా విడిభాగాలపై 28 శాతం, కూలిపై 18 శాతం, 2025 సెప్టెంబరులో విడిభాగాల పన్ను కూడా 18కి దిగింది. కాబట్టి షోరూము బిల్లు రోడ్డు పక్క షెడ్డు కంటె ఎక్కువైనంత మాత్రాన అన్యాయమనలేము.

మరి అన్యాయమెక్కడ? దానికి సమాధానం 2014 ఆగస్టులో భారత పోటీ కమిషను ఇచ్చిన తీర్పులో ఉంది. 14 కార్ల కంపెనీలపై మొత్తం దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. అసలు విడిభాగాలు బయటి మార్కెట్లో దొరకనీయకపోవడం, స్కానర్లు, సమాచారం బయటి మెకానిక్కులకు ఇవ్వకపోవడం, బయట పని చేయిస్తే వారంటీ పోతుందనడం పోటీని అణచడమేనని తేల్చింది. ఒక కంపెనీ కారు కొన్న తరువాత దాని విడిభాగాలకూ మరమ్మతుకూ కొనుగోలుదారు ఆ కంపెనీకే కట్టుబడిపోతాడన్నది ఆ తీర్పులోని కీలకం. 2016లో అప్పీళ్ల ట్రిబ్యునలు మూడు కంపెనీల విషయంలో తప్పును నిర్ధారిస్తూనే జరిమానా తగ్గించింది.

అమెరికాలోనూ ఇదే మథనం జరిగింది. మసాచుసెట్స్ రాష్ట్రంలో 2012లో ప్రజలు మరమ్మతు హక్కుకు ఓటు వేశారు. కార్లు తీగలేకుండా పంపే సమాచారానికీ ఆ హక్కును 2020లో విస్తరించారు. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కుపై సంఘాన్ని వేసింది. డిసెంబరులో అందుకొక పోర్టలు తెరిచింది. అందులో చేర్చిన రంగాలలో వాహనాలూ ఒకటి.

నాకు తోచిన నిర్ణయమిది. కూలి న్యాయమైనదా కాదా అన్నది అంకెను బట్టి తేలదు. కాదని లేచి రాగల దారి మనకుందా లేదా అన్నదానిని బట్టి తేలుతుంది. ఫిల్టర్లు, వైపర్లు, బ్యాటరీ మనమే మార్చుకోవచ్చు. బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు, విద్యుత్ కార్ల అధిక వోల్టేజీ భాగాలు తెలిసినవారికే వదలాలి. కాని తెలిసినవారు ఒక్క షోరూములోనే ఉండాలన్న నియమం ఎందుకు?

ఆటోనగరులో స్పానరు పట్టి పెరిగిన కుర్రవాడికి తెలివి తక్కువ కాదు. సమాచారం అందలేదు, అంతే. అది అందితే అతడికి జీవనోపాధి నిలుస్తుంది, మనకు పక్క షెడ్డు మిగులుతుంది. అంతవరకూ పని మొదలుకాక ముందే అంచనా రాయించుకోండి, మార్చిన పాత భాగాలు చూపమని అడగండి, బిల్లు పంక్తి పంక్తీ చదవండి. చదువు చెప్పి బతికినవాడిని కనుక ఈ చివరి మాట కొంచెం గట్టిగానే చెబుతున్నాను.