ఆటపెట్టెలో దాగిన సంతకం

పాత వీడియో ఆటలను తవ్వితీసి సమీక్షలు రాయడం ఇప్పుడొక వ్యాసంగమైంది. మరుగునపడిన ఆటల గుణదోషాలు చర్చించే రసికులకు కొదువ లేదు. సాహిత్యం బోధించేవాణ్ణయినా ఈ సమీక్షలను కొన్నేళ్లుగా శ్రద్ధగానే చదువుతున్నాను. బొమ్మ ఎట్లా ఉన్నది, చిక్కు ఎంత గట్టిది, రంగులేమిటి - వీటికి పుటలకు పుటలు ఖర్చవుతాయి. ఆ సరుకును ఎవరు చేశారు, ఏ కూలికి చేశారు, లాభం ఎవరి జేబులో పడింది అన్న ప్రశ్న మాత్రం చాలావాటిలో తలెత్తదు. ఆటలు పిల్లల వ్యవహారం గదా, మనకెందుకని కొందరు మిత్రులు అనవచ్చు. సినిమాను గురించి కూడా ఒకనాటి పండితులు ఈ మాటే అన్నారు.

కాలిఫోర్నియాలోని అటారీ కంపెనీ తయారుచేసిన ‘అడ్వెంచర్’ అనే ఆటను ఉదాహరణగా తీసుకుందాం. 1972లో పుట్టిన అటారీని 1976లో వార్నర్ కమ్యూనికేషన్స్ అనే పెద్ద సంస్థ కొన్నది. 1977లో ఇంటి టెలివిజన్‌కు తగిలించే ఆటపెట్టె బజారుకు వచ్చింది. ఆ యంత్రానికున్న పని జ్ఞాపకశక్తి 128 బైట్లు. అంటే ఈ పేరాలోని అక్షరాలు కూడా అందులో పట్టవు. ఆట మొత్తం 4096 బైట్లలో ఇమడాలి. ఆ ఇరుకులో వారెన్ రాబినెట్ అనే యువకుడు కోటలు, చిక్కుదారులు, మూడు డ్రాగన్‌లు, వస్తువులెత్తుకుపోయే గబ్బిలం, తెచ్చి చేర్చవలసిన ఒక పాత్ర - ఇంత ప్రపంచాన్ని కల్పించాడు. కథానాయకుడు మాత్రం ఒక చిన్న చతురస్రం! పేదరికంలోంచి పుట్టిన ఈ పొదుపును మన సమీక్షకులు మెచ్చుకుంటారు, న్యాయమే.

కాని ఆ పెట్టె మీద రాబినెట్ పేరు లేదు. ఎవరి పేరూ లేదు. కంపెనీ పేరే పేరు. తీసిన సరుకు లక్షల్లో అమ్ముడైనా తయారుచేసినవాడికి జీతం తప్ప అమ్మకంలో వాటా లేదు. రాబినెట్ ఎవరికీ చెప్పకుండా ఆటలో ఒక రహస్యపు గది కట్టాడు. ఒక చిక్కుదారిలో నేల రంగులోనే కలిసిపోయిన చుక్క ఒకటి ఉంటుంది. కంటికి ఆనదు. దాన్ని మోసుకుపోయి, మరికొన్ని వస్తువులతో కలిపి ఒక గదిలో పెడితే అడ్డుగీత మిణుకుమిణుకుమని దారి ఇస్తుంది. లోపల నిలువునా అక్షరాలు: ఇది చేసినవాడు వారెన్ రాబినెట్ అని. అప్పటికే అతడు కొలువు మానేశాడు. సాల్ట్ లేక్ సిటీ నుంచి ఒక కుర్రవాడు ఉత్తరం రాసేదాకా కంపెనీకి సంగతి తెలియదు. తెలిశాక ఏం చేసింది? తుడిచివెయ్యలేదు. ఇట్లాంటివి ఇకముందూ దాచమన్నది, ‘ఈస్టర్ గుడ్డు’ అని ముద్దుపేరు పెట్టింది. ఫిర్యాదు అమ్మకపు ఆకర్షణగా మారిపోయింది. ఇదే మొదటి రహస్యమని చాలాకాలం నమ్మారు. 1977 నాటి ‘స్టార్‌షిప్ 1’ అనే ఆటలోనూ ఒక పనివాడు తన పేరు దాచుకున్నాడని 2017లో బయటపడింది.

1978లో అటారీ పెత్తనం రే కాసర్ చేతికి వచ్చింది. ఆయన బట్టల మిల్లుల పరిశ్రమలో పెరిగినవాడు. పేరూ వాటా కావాలని అడిగిన ప్రోగ్రామర్లకు, కార్ట్రిడ్జీలు బిగించే పనివాళ్లకన్నా మీరేమీ ఎక్కువ కాదని ఆయన జవాబిచ్చినట్లు డేవిడ్ క్రేన్ చెప్పాడు. క్రేన్, అలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్, లారీ కప్లాన్ బయటికి వచ్చి జిమ్ లెవీతో కలిసి 1979లో ‘యాక్టివిజన్’ స్థాపించారు. అటారీ కోర్టుకెక్కింది. 1982లో రాజీ కుదిరింది. యాక్టివిజన్ ఆటల మీద కర్త పేరు కనిపించేది. అదే ఏట వచ్చిన ‘రివర్ రెయిడ్’ మీద కారల్ షా అనే స్త్రీ పేరుంది.

ఇంతవరకు మన సమీక్షకులు కూడా ఉత్సాహంగా చెబుతారు. నా పేచీ ఇక్కడే. కాసర్ మాటలోని అవమానాన్ని అందరూ పట్టుకున్నారు గాని, ఆ పోలికలో నిలబడ్డ రెండో మనిషిని ఎవరూ పలకరించలేదు. మన పూర్వకవులు ఆశ్వాసాంత గద్యలో తమ పేరూ వంశమూ చెప్పుకున్నారు. కృతిభర్త సంగతి సరేసరి. గంటం పట్టి నకలు రాసిన లేఖకుడు సైతం ఒక్కోసారి గ్రంథం చివర తన పేరు చేర్చాడు. ఆ ఆకు కోసి, ఎండబెట్టి, చదునుచేసిన చేతులకు ఏ గద్యలోనూ చోటు లేదు. కార్ట్రిడ్జీలు బిగించినవాళ్ల పరిస్థితి కూడా అదే. వాళ్ల కోసం ఏ చిక్కుదారిలోనూ చుక్క లేదు.

వాళ్లకేమైందో చరిత్రలో ఉంది. 1983లో అటారీ తన తయారీని కాలిఫోర్నియా నుంచి హాంకాంగ్‌కు, తైవాన్‌కు తరలించింది. సుమారు 1700 మంది పని పోగొట్టుకున్నారు. అదే ఏడాది అమ్ముడుపోని ఆటల్ని న్యూ మెక్సికోలోని ఆలమగోర్డోలో పాతిపెట్టారు. 2014లో ఆ గుంటను మళ్లీ తవ్వినప్పుడు కెమెరాలు మూగాయి. ఆ పగిలిన పెట్టెలను చరిత్ర వస్తువులుగా వేలం వేశారు.

పేరు కోసం పుట్టిన యాక్టివిజన్ కూడా పెరిగి పెద్దదై, పెద్ద యాజమాన్యాల దారినే నడిచింది. 2021లో స్త్రీల పట్ల వివక్ష, వేధింపుల ఆరోపణలతో కాలిఫోర్నియా ప్రభుత్వమే దాని మీద దావా వేసింది. ఆ సంస్థ కిందనే ఉన్న రావెన్ సాఫ్ట్‌వేర్‌లో ఆటల్లోని తప్పులు పట్టే పరీక్షకులు కొందరు, తోటివాళ్లను తీసివేసినందుకు సమ్మె చేశారు. 2022 మేలో సంఘం కావాలా వద్దా అని ఓటింగ్ జరిగింది. కావాలన్నవారు 19 మంది, వద్దన్నవారు ముగ్గురు.