మన దారిలోనే ఉన్న డచ్చి పట్నం: పులికాట్

బెంగుళూరులో మన తెలుగు ఇళ్లలో ఇప్పుడు ఎవరో ఒకరు నెదర్లాండ్స్‌లో ఉంటున్నారు. వాళ్లను చూడ్డానికి వెళ్లిన పెద్దవాళ్లు ఆమ్‌స్టర్‌డామ్ కాలువలు, లైడెన్ వీధులు, ఊరి బయట గాలిమరలు, తులిప్ తోటలు చూసి ఫోటోలు పట్టుకొస్తారు. మంచిదే. కానీ ఆ దేశపు కంపెనీ కట్టుకున్న కోట ఊరు ఒకటి మనకు కారులో ఒక పూట ప్రయాణం దూరంలోనే ఉంది. అదే పులికాట్. తమిళంలో పళవేర్కాడు. ఆ సరస్సుకు మన నెల్లూరు వైపువాళ్లు పెట్టుకున్న పేరు ప్రళయకావేరి. ఊరు తమిళనాడులో ఉంది, సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రలో ఉంది.

డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. మొదట మచిలీపట్నంలో, నిజాంపట్నంలో గిడ్డంగులు పెట్టుకున్నారు. అది గోల్కొండ రాజ్యం. 1610లో ఇంకాస్త దక్షిణానికి దిగి పులికాట్‌లో వ్యాపారానికి అనుమతి తెచ్చుకున్నారు. ఇచ్చినది మన అరవీటి వంశం రాజు వేంకటపతిరాయలు. తళ్లికోట యుద్ధం తరవాత మిగిలిన విజయనగర రాజ్యాన్ని ఆయన చంద్రగిరి, వేలూరుల నుంచి ఏలుతున్న కాలమది. 1612లో పోర్చుగీసువాళ్లు వచ్చి డచ్చి గిడ్డంగి మీద పడ్డారు. దాంతో 1613 నాటికి కోట లేచింది. పేరు గెల్డ్రియా. నెదర్లాండ్స్‌లోని గెల్డర్లాండ్ పేరే అది. 1690లో నాగపట్నానికి మార్చేదాకా కోరమాండల్ తీరంలో డచ్చివాళ్ల రాజధాని ఈ పులికాటే.

ఇంత చిన్న రేవు మీద వాళ్లకెందుకు అంత ఆశ? గుడ్డ కోసం. జాజికాయ, లవంగం పండే తూర్పు దీవులవాళ్లకు ఐరోపా సరుకు పెద్దగా అక్కర్లేదు, మన తీరం నేత గుడ్డ కావాలి. ఇక్కడ గుడ్డ కొని, అక్కడ ఇచ్చి, సుగంధ ద్రవ్యాలు తీసుకుని ఐరోపాలో అమ్మితే లాభమే లాభం. మలేషియా, ఇండోనేషియాల్లో గళ్ల లుంగీని ఇప్పటికీ ‘కాయిన్ పెలికాట్’ అంటారు. కాయిన్ అంటే గుడ్డ. పెలికాట్ అంటే మన పులికాట్. కోటలో కంపెనీవాళ్లు నాణేలు ముద్రించారు, తుపాకి మందు కూడా ఇక్కడే చేయించారు.

ఇప్పుడు కోట అనేది పెద్దగా లేదు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లీషువాళ్లు కూల్చేశారు, 1825లో ఊరు కూడా వాళ్ల చేతికే వచ్చింది. కందకం ఆనవాళ్లు, ముళ్ల పొదలు, చెదిరిన ఇటుకలు మిగిలాయి. చూడాల్సినది పురావస్తు శాఖ కాపాడుతున్న డచ్చి శ్మశానం. గేటు దగ్గర రాతిలో చెక్కిన అస్థిపంజరాలు కనబడతాయి. పిల్లలు ముందు భయపడతారు, తరవాత కదలరు. లోపల పొడుగాటి రాతి పలకల మీద పాత డచ్చి అక్షరాలు, వంశ చిహ్నాలు. గవర్నర్లు, వర్తకులు, వాళ్ల భార్యాబిడ్డలు. పేరు, ఊరు, పుట్టిన రోజు, పోయిన రోజు, అన్నీ శ్రద్ధగా చెక్కించుకున్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఈ రేవు నుంచి గుడ్డ ఒక్కటే పోలేదు, మనుషులు కూడా పోయారు. 1619లో డచ్చివాళ్లు జావాలో బటేవియా పెట్టారు. 1621లో బందా దీవుల మీద పడి అక్కడి జనంలో చాలామందిని చంపేసి, మిగిలినవాళ్లను తరిమేసి, జాజికాయ తోటలు తమ చేతిలోకి తీసుకున్నారు. తోటల్లో, నౌకాశ్రయాల్లో, ఇళ్లలో పనికి బానిసలు కావాలి. ఇక్కడేమో కరువులు, యుద్ధాలు. తిండి లేక తమను తాము అమ్ముకున్నవాళ్లు, బిడ్డల్ని అమ్ముకున్న తల్లిదండ్రులు, దళారులు ఎత్తుకొచ్చినవాళ్లు, ఇలా వేలమందిని ఓడలెక్కించారు. వాళ్లలో తెలుగువాళ్లూ తమిళులూ ఉన్నారు. ఆ తరవాత కొందరు దక్షిణాఫ్రికా కేప్ దాకా చేరారు. అక్కడి లెక్కల పుస్తకాల్లో బానిసలకు ఇంటిపేర్లు ఉండవు. ‘ఫాన్ బెంగాలా’, ‘ఫాన్ కోరమాండల్’ అని వచ్చిన తీరం పేరే తగిలించేవారు.

మనం తెలుగునాడు వదిలి బతుకుతున్న కుటుంబాల చరిత్ర చెప్పుకునేటప్పుడు మారిషస్, ఫిజీ, బర్మాలతో మొదలుపెడతాం. నిజానికి అంతకు రెండొందల ఏళ్ల ముందే మనవాళ్లు సముద్రం దాటారు, ఇష్టం లేకుండా. వాళ్లకు సమాధి రాళ్లు లేవు. వర్తకుడి పేరు రాయి మీద ఉంది, అతను అమ్మిన మనిషి పేరు ఎక్కడా లేదు. పిల్లలకు ఈ శ్మశానం చూపించేటప్పుడు ఈ మాట కూడా చెప్పండి.

ఇంకో కథ కూడా ఈ ఊరిదే. 1632 నుంచి పదేళ్లు ఇక్కడ అబ్రహాం రోజేరియస్ అనే డచ్చి పాదిరి ఉన్నాడు. పద్మనాభుడు అనే బ్రాహ్మణుణ్ణి అడిగి మన ఆచారాలు, పండగలు, దేవుళ్ల గురించి రాసుకున్నాడు. ఆయన పోయాక 1651లో ఆ పుస్తకం లైడెన్‌లో అచ్చయింది. అందులో భర్తృహరి సుభాషితాలు డచ్చిలో ఉన్నాయి. మీ పిల్లలు లైడెన్‌లో చదువుతుంటే ఈ సంగతి చెప్పండి. ఆ ఊరితో మనకు చుట్టరికం నాలుగొందల ఏళ్లది.

ఊరు చుట్టుపక్కల కూడా చూడాల్సినవి చాలా ఉన్నాయి. ఆదినారాయణ పెరుమాళ్ గుడి ఎర్ర రాతిది, అందులో రామాయణం చిన్న చిన్న బొమ్మల్లో చెక్కారు. ముస్లిం ఆడవాళ్లు తాటాకుతో బుట్టలు, పెట్టెలు అల్లుతారు, నేరుగా వాళ్ల దగ్గరే కొనండి. సరస్సు ఆంధ్ర వైపు చూడాలంటే సూళ్లూరుపేట వెళ్లాలి. అక్కణ్ణించి శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యనుంచే పోతుంది, అటూ ఇటూ రాజహంసలు. ఇంకాస్త ఉత్తరాన నేలపట్టులో గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి.

బెంగుళూరు నుంచి చిత్తూరు, తిరుపతి, శ్రీకాళహస్తి మీదుగా సూళ్లూరుపేట చేరొచ్చు. లేదా చెన్నై వెళ్లి పొన్నేరి మీదుగా పులికాట్ పోవచ్చు, చెన్నై నుంచి సుమారు 60 కిలోమీటర్లు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం, పక్షులుంటాయి, ఎండ బాధించదు. సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు ఒక రోజు కలుపుకుంటే సరిపోతుంది.

వెళ్లే ముందు నెల్లూరు, చిత్తూరు వైపు పెద్దవాళ్లెవరైనా ఇంట్లో ఉంటే ప్రళయకావేరి గురించి అడగండి. పడవలు, ఉప్పు, చేపలు, దీవుల్లో పల్లెలు, ఏది గుర్తుంటే అది చెప్పనివ్వండి. చెప్పింది రాసిపెట్టుకోండి. రాయి మీద చెక్కించుకోలేని వాళ్ల చరిత్ర అలాగే మిగలాలి.