గడియార భాగాల మ్యాట్ ఫినిష్

గడియారం కేసు మీదకో లోపలి ఫలకాల మీదకో గాలి ఒత్తిడితో సన్నని రేణువులు చిమ్మి, తళతళలు లేని మసకదనం తెచ్చే పనే బ్లాస్టింగ్. మెరుగు పెట్టకుండా వదిలేస్తే వచ్చేది కాదిది. తగిలిన ప్రతి రేణువూ కంటికి ఆనని గుంట చేస్తుంది. ఆ లెక్కలేనన్ని గుంటలు వెలుగును నలుదిక్కులా చెదరగొడతాయి.

మసక ఫినిష్ బ్లాస్టింగ్ కంటే పాతది. 18వ శతాబ్దంలో జేబు గడియారాల ఇత్తడి ఫలకాలకు పాదరసంలో కలిపిన బంగారాన్ని పూసి వేడిచేసేవారు. పాదరసం ఆవిరైపోయి బంగారం మసక పొరగా మిగిలేది. ఆ ఆవిరి పీల్చిన పనివాళ్లకు చేతులు వణికేవి, పళ్లు ఊడేవి. వెండి పొడి, ఉప్పు, క్రీమ్ ఆఫ్ టార్టార్ కలిపిన ముద్దతో ఫలకాన్ని బ్రష్‌తో రుద్ది సన్నని గరుకు తెప్పించే పద్ధతీ ఉండేది. ఫ్రెంచిలో దాన్ని గ్రెనాజ్ అన్నారు. 1840లో బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్ కుటుంబీకులు విద్యుత్ పూతకు పేటెంట్ తీసుకున్నాక పాదరసం వాడకం క్రమంగా తగ్గింది.

రేణువుల ధారకు ఆద్యుడు ఫిలడెల్ఫియాకు చెందిన బెంజమిన్ చ్యూ టిల్గ్‌మన్. 1870 అక్టోబరులో అమెరికాలో పేటెంట్ పొందాడు. ఎడారి గాలి కొట్టిన ఇసుకకు కిటికీ అద్దాలు మసకబారడం చూసి ఈ ఆలోచన వచ్చిందని చెప్పుకుంటారు. గాజు మీద, రాయి మీద, లోహం మీద ఒకే పరికరం పనిచేయడమే దాని గొప్పదనం.

ఈ చరిత్ర రాసేవారు ఊపిరితిత్తుల మాట దాటవేయకూడదు. లోహానికి కొట్టుకుని ఇసుక పగిలితే పుట్టే సిలికా ధూళి సిలికోసిస్ తెస్తుంది, దానికి మందు లేదు. పోతపోసిన వస్తువుల బ్లాస్టింగ్‌లో ఇసుక వాడకాన్ని బ్రిటన్ 1949 నిబంధనలతో నిషేధించింది. గాజు పూసలు, అల్యూమినియం ఆక్సైడ్ వంటివి ఇసుక చోటు తీసుకున్నాయి. రెంటికీ తేడా ఉంది. గుండ్రటి పూస లోహాన్ని కోయకుండా సుత్తిలా మెత్తగా నొక్కుతుంది కాబట్టి కొంత నిగారింపు మిగులుతుంది. కోణాలున్న ఆక్సైడ్ రేణువు గీరుతుంది, మసక లోతుగా వస్తుంది.

పనివాడు మూసిన పెట్టెలోకి చేతొడుగుల్లోంచి చేతులు దూర్చి, కేసును ధార ముందు నెమ్మదిగా తిప్పుతాడు. రబ్బరు వాషరు కూర్చునే గాడి, మరలు, మెరుపు ఉండాల్సిన అంచులు ముందే టేపుతోనో లక్కతోనో కప్పుతాడు. జిడ్డు పూర్తిగా పోకపోతే అక్కడ మచ్చ తేలుతుంది. ధార ఒకచోట ఎక్కువసేపు నిలిస్తే ఆ చోటు వేరుగా కనిపిస్తుంది.

ఎండలో మెరిసి ఉనికి బయటపెట్టదు గనుక సైనికుల, పైలట్ల గడియారాలకు ఈ ఫినిష్ బాగా నప్పింది. 1980లో పోర్షే డిజైన్, ఐడబ్ల్యూసీ సంస్థలు కలిసి తెచ్చిన టైటానియం క్రోనోగ్రాఫ్ మసక బూడిదరంగును పౌరుల మణికట్టుకు కూడా చేర్చింది.

దీని బలహీనత గీత. మెరుపు కేసు మీది గీతను అక్కడికక్కడ రుద్ది పోగొట్టవచ్చు. మసక కేసులో ఆ చోట రుద్దితే మెరిసే మచ్చ పడుతుంది, మొత్తం విప్పి మళ్లీ కొట్టించాలి. అలా కొట్టించిన కొద్దీ కేసు పదునైన అంచులు గుండ్రబడతాయి.