సంవత్సరాది క్షేమవార్తలు

కృష్ణా డెల్టా వాసులకు ఏడాదికి ఒక సంవత్సరాది చాలదు. పంచాంగము ననుసరించి చైత్రశుద్ధ పాడ్యమి యొకటి. క్యాలెండరు ననుసరించి జనవరి మొదటితేది యొకటి. సర్కారు భూమిలెక్కలకు జూలై 1వ తేదీతో మొదలగు ఫసలీ మరియొకటి. దాని రాక కరణమునకు దక్క ఇతరులకు తెలియదు, తెలిసినను సంతోషించువారు లేరు. ఇవిగాక, పేరునకు సంవత్సరాది కాకున్నను, ధాన్యము ఇల్లుచేరి రైతుచేతిలో నాలుగు రూకలాడు సంక్రాంతియే ఈ సీమకు నిజమైన సంవత్సరారంభమని వాదించు పెద్దలును కలరు. వారి వాదము త్రోసివేయదగినది కాదు. ఏ పండుగను ముందు లెక్కింపవలెనను తగవు నటుంచి, ఆ దినములలో దూరముననున్న బిడ్డల క్షేమము తల్లిదండ్రులకు, అన్నదమ్ముల క్షేమము అక్కచెల్లెండ్రకు ఎట్లు చేరుచుండెను, ఎవరి నోట, ఎవరి చేతివ్రాతలో చేరుచుండెను అనునది విచారింపదగిన సంగతి.

పూర్వము వార్త మనుష్యునితోడనే నడచెడిది. పోతనామాత్యుని భాగవతమున రుక్మిణీదేవి తన మాటను అగ్నిద్యోతనుడను విప్రుని ద్వారా ద్వారకకు పంపెను. నలోపాఖ్యానమున హంస ఆ పని చేసినది. పల్లెలలో గ్రామరజకుడో, క్షురకుడో, పొరుగూరు సంతకు పోవు గాజుల వర్తకుడో అగ్నిద్యోతనుడు. రుక్మిణికి కలిగిన భాగ్యమేమనగా, ఆ విప్రుడు ఆమె చెప్పినది చెప్పినట్లే ఒప్పగించెను. అందరకును అట్టి దూత దొరకడు. అత్తవారింట నున్న పడుచు పెరటిగుమ్మమున నిలిచి కన్నీటితో చెప్పిన నాలుగు మాటలు, పది మైళ్ళు నడచి పుట్టింటికి చేరునప్పటికి “అమ్మాయిగారు బాగుగనే యున్నారండి” అను ఒక్క మాటగా మారుట సాధారణము. చెప్పినవానిని తప్పుపట్టుటకును వీలులేదు. కంటనీరు మోసికొని పోవుట యెవరి తరము?

1852లో ఆరంభమై 1855లో పూర్తియైన బెజవాడ ఆనకట్ట పొలములకు నీరు తెచ్చినదని ప్రతి బాలుడును చదువును. అది చుట్టములను గూడ తెచ్చినదని పాఠ్యపుస్తకములు చెప్పవు. కాటను దొర సంకల్పమున, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణమున కట్టబడిన ఆ కట్టనుండి వెడలిన కాల్వలు సేద్యమునకే గాక నౌకాయానమునకును పనికివచ్చినవి. నల్లరేగడి బురదలో బండిచక్రములు ఇరుసుదాక దిగబడు ఈ దేశమున, అది సామాన్యమైన ఉపకారము కాదు. బందరు కాల్వమీద బందరునకు, ఏలూరు కాల్వమీద గోదావరి కాల్వలకు, ఆవలియొడ్డున కొమ్మమూరు కాల్వమీద బకింగ్‌హాము కాల్వ చేరి మద్రాసు వరకును పడవ సాగెడిది. సంక్రాంతికి క్రొత్త అల్లుని తీసికొనివచ్చుటకు బావమరది పడవమీదనే పోయెడివాడు. పండుగ ముగిసిన పిమ్మట అరిసెల బుట్టలు, సారె కావిళ్ళు ఆ పడవమీదనే మరలెడివి.

అయితే ఉగాది నాటికి కథ వేరు. వేసవిలో మరమ్మతులకై కాల్వలు కట్టివేయుదురు. మాఘమాసపు పెండ్లిండ్లలో చేతిసొమ్ము వ్యయమై, మరల సార్వా పంట వచ్చుదాక ప్రయాణమునకు పైకము తీయుట కష్టమగుచుండెను. కావున సంక్రాంతికి మనిషి, ఉగాదికి జాబు అనునది ఈ సీమలో పలు కుటుంబములకు ఎవరును వ్రాయని శాసనమైనది.

ఆ జాబు బీదవానికి అందుబాటైనది 1854 తరువాతనే. అంతకుముందు దూరమును బట్టి తపాలా కూలి పెరుగుచుండెను. ఆ యేటి చట్టముతో, జాబు పొరుగు తాలూకాకు పోయినను, పెషావరునకు పోయినను, పావుతులము తూకమునకు అర్ధణాయే కూలియని యేర్పడినది. 1879 జూలై 1వ తేదీన కాలణాకు కార్డు వచ్చినది. పందొమ్మిదవ శతాబ్ది ముగియునప్పటికి మద్రాసు, కలకత్తా, హైదరాబాదు రైలుమార్గములు బెజవాడయందు కలిసికొన్నవి. ఇట్లు కాల్వల కూడలి యైన పట్టణము జాబుల కూడలియు నయ్యెను.

కాలణా కార్డు ధర్మమే వేరు. దాని నాలుగు మూలల పసుపు పూసియున్న శుభవార్త. ఉగాది కార్డునకు పసుపు తప్పనిసరి. అశుభవార్తను తెచ్చిన కార్డును గడపలోపలికి రానీయక, వాకిటనే చదివి చించివేయుదురు. అందుచేత తపాలా బంట్రోతు దూరమున కనబడగానే ఇల్లాండ్రు ముందు కార్డు అంచులు చూచెడివారు, తరువాత బంట్రోతు ముఖము చూచెడివారు. పైన “శ్రీరామ”, దిగువ “ఉభయకుశలోపరి”, ఆపైన “ఇచ్చట అందరమును క్షేమము, మీ క్షేమసమాచారములు వెంటనే వ్రాయగలరు” అనునంతలో సగము కార్డు నిండును. మిగిలిన సగమున వానలు, పశువులు, సంబంధములు, బాకీలు ఇముడవలెను. చోటు చాలనప్పుడు చిరునామా ప్రక్కన నిలువుగాను, తలక్రిందులుగాను వ్రాయుటలో మనవారు చూపిన నేర్పు చిత్రకవిత్వమున బంధములు కూర్చిన కవులకును లేదేమో!

వ్రాసినది ఎవరు? ప్రశ్న అంతయు అక్కడ నున్నది. ఊరిలో చదువు వచ్చినవారు నలుగురైదుగురు. కరణము, పంతులు, కోమటి, పురోహితుడు. ఉగాదికి ముందు వారముదినములు కరణముగారి అరుగుమీద కార్డులు పట్టుకొని కూర్చుండువారు శిస్తుకు వచ్చువారికన్న ఎక్కువగా ఉండెడివారు. చదువుటయు అట్లే. పంపినవాని మాట ఒక కరణము కలమునుండి వెడలి, మరియొక కరణము నోట వెలువడి, తల్లి చెవిని చేరును. నడుమ బంట్రోతును, అరుగుమీది పదిమందియు విందురు. అట్టి కార్డుమీద, మామగారి యూరిలో, మామగారికి కావలసిన కరణముచేత, ఏ కోడలు తన కష్టమును వ్రాయించుకొనగలదు? కావుననే “క్షేమము” అను మాటకు ఈ సీమలో వంద అర్థములు. కూతురు జాబులో తమ్ముని పేరు అడుగలేదేమని తల్లి దిగులుపడును. “అమ్మను చూడవలెనని యున్నది” అను వాక్యము రెండుమారులు వచ్చినదని తండ్రి మరునాడే బండి కట్టించును. వ్రాసిన అక్షరము పరులది గనుక, వ్రాయని చోటులందు స్వంతమాటను వెదకుకొనుట అలవాటైనది.

సముద్రము దాటినవారి స్థితి మరింత కష్టము. కోస్తా జిల్లాలనుండి, ముఖ్యముగా ఉత్తరపు జిల్లాలనుండి, వేలకొలది తెలుగు కూలీలు రంగూనునకు పోయిరి. 1880లో ఆరంభమైన మనియార్డరు ఇట్టివారి జాబు. ఫారము అడుగున సందేశమునకు విడిచిన బెత్తెడు చోటు కన్న, పైన వ్రాసిన రూపాయల అంకెయే వాని క్షేమమును చక్కగా చెప్పెడిది. 1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. 1942 మార్చి 8వ తేదీన ఆ నగరము వారి వశమైనది. కొలది దినములకే చిత్రభాను సంవత్సరాది వచ్చినది. వేలమంది కాలినడకను అడవులు దాటి వచ్చుచుండిరి. ఆ ఉగాదికి రంగూను జాబుకై ఎదురుచూచిన ఇండ్లలో ఏ పంచాంగశ్రవణము వినబడియుండును?

పరుల చేతివ్రాతనుండి జనమును విడిపించిన పని గ్రంథాలయోద్యమము చేసినది. దీనికి తగిన కీర్తి ఇంకను రాలేదనవలెను. 1911లో బెజవాడయందు రామమోహన గ్రంథాలయము వెలసినది. 1914 ఏప్రిల్ 10వ తేదీన అదే పట్టణమున, అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషితో, చిలకమర్తి లక్ష్మీనరసింహకవిగారి అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథభాండాగారుల మొదటి సభ జరిగినది. తరువాత పల్లెపల్లెకు వ్యాపించిన ఈ సంస్థలు పుస్తకములు పెట్టెలలో పెట్టి ఊరకుండలేదు. రాత్రిబడులు నడపి, పగలు నాగలి పట్టినవానికి రాత్రి పలక నిచ్చినవి. వయోజనుడు అక్షరములు నేర్చినపిమ్మట పురాణమే చదువునని పండితులు తలంతురు. తన యింటికి వచ్చిన కార్డును ఒకరి యరుగెక్కక తానే చదువుకొనుట అతని మొదటి కోరిక. తన కూతురును అట్లే చదువుకొనవలెనని కోరుట రెండవది. ఈ రెండవదానికి ఒక తరము పట్టినది.

1950లో వచ్చిన ఇన్‌లాండు కవరు ఆ తరమునకు తోడుపడినది. ఎన్వలపుకన్న చౌక, కార్డువలె తెరచియుండునది కాదు, మూడు మడతలు పెట్టి అంటించునది. అక్షరము నేర్చిన ఆడుపడుచునకు ఆ మూడు మడతలు ఎంతటి స్వాతంత్ర్యమును ఇచ్చినవో లెక్కింప నేర్చిన చరిత్రకారుడు ఇంకను పుట్టలేదు. ఉగాదికి పసుపు కార్డు మామగారు వ్రాసినను, వారము తరువాత నీలిరంగు జాబు కోడలు వ్రాసెను. తల్లి దానిని బియ్యపు డబ్బాలో దాచెను.

ఒక యింటివారికి గాక జాతికంతకును వ్రాసిన సంవత్సరాది జాబును గూర్చి ఇచట చెప్పుట తగును. కృష్ణాజిల్లా ఎలకుర్రున పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయికి పోయి, 1893లో అమృతాంజనము స్థాపించి ధనవంతులైరి. అంతటితో ఊరుకొనక, 1908లో ఆ పరాయినగరమునుండియే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించిరి. 1914లో అది మద్రాసున దినపత్రికయైనది. ఆ పత్రిక ఉగాదికి వెలువరించిన సంవత్సరాది సంచికలలో చరిత్ర, శాసనములు, కవిత్వము, చిత్రములు, లోకవార్తలు నిండియుండెడివి. పొట్టకూటికై దేశముపట్టిన తెలుగువాడు స్వస్థలమునకు పంపిన ఉగాది జాబులలో ఇంత బరువైనది వేరొకటి లేదు. పంతులుగారు 1938లో పరమపదించిరి, పత్రిక 1991లో నిలిచినది. గ్రంథాలయములలో అట్టకట్టి దాచిన సంచికలు మాత్రము చెదలు తినినంత తినగా మిగిలియున్నవి.

ఇంగ్లీషు సంవత్సరాదికి రంగుల కార్డులు, తంతి శుభాకాంక్షలు పట్టణవాసులతోపాటు వచ్చినవి. తంతి పద్ధతి వినోదమైనది. శుభవాక్యములకు అంకెలుండెడివి; పంపువాడు అంకె వేసిన చాలును, అవతలి కార్యాలయమున దానిని వాక్యముగా విప్పి ఇత్తురు. బంధుప్రీతికి అంకె వేయవచ్చునని కనుగొన్న బుద్ధికి కరణములు సైతము నమస్కరింపవలెను. తంతి 2013 జూలై నెలలో నిలిచిపోయినది. కరణపు ఉద్యోగము అంతకు చాల ముందే, 1984లోనే పోయినది.

టెలిఫోను చాలకాలము షావుకార్ల ఆస్తి. ఎస్టీడీ బూతులు వచ్చిన తరువాతనే అది వీధిలోనికి దిగినది. రాత్రివేళ ధర తగ్గుననుచు జనవరి మొదటితేది ముందురాత్రి విజయవాడ వీధులలో పసుపుపచ్చని బోర్డుల క్రింద జనము బారులుతీరి, గోడమీది మీటరులో ఎఱ్ఱయంకెలు పరుగెత్తుచుండ, ప్రేమను క్షణములలో కొలిచి మాటలాడెడివారు. పిమ్మట చేతిఫోనులు వచ్చినవి. సంక్షిప్తసందేశముల కాలమున కంపెనీలు పండుగనాడును, జనవరి మొదటినాడును రాయితీ ధర లేదని ప్రకటించుచుండెను. వర్తకునకు జనుల ఆప్యాయత ఏనాడు పొంగునో పంచాంగము చూడకయే తెలియును.

ఇప్పుడు వాట్సాపున ఉగాదినాడు ఒకరు చేసిన మామిడితోరణపు బొమ్మ నూరుగురి పేర నూరిండ్లకు పోవుచున్నది. అరుగుమీది కరణము పోయినను, పరుల చేతివ్రాత మరల వచ్చినదన్నమాట. అయినను దీనిని కేవలము నిందించుట న్యాయము కాదు. ఎన్నడును పలక పట్టని ముదుసలి తన గొంతుతోనే మాట నింపి మనుమనికి పంపుచున్నది. ఆమెకు అగ్నిద్యోతనుడును అక్కరలేదు, రాత్రిబడియు అక్కరలేదు. పోయినది వేరొకటి. పెంకుటిండ్లలో చూరునకు వ్రేలాడదీసిన ఇనుపతీగకు ఏండ్ల జాబులు గ్రుచ్చియుండెడివి. పెంకుటిల్లు విప్పి డాబా వేసిననాడు తీగతోకూడ అవి కుప్పలోనికి పోయినవి. ఊరి భూమికి అడంగలు మిగిలినది గాని, ఊరి మనస్సునకు దస్త్రము మిగులలేదు. ఎవరి యింటనైనను పెట్టె అడుగున నాలుగు జాబులున్నయెడల, చందాదారులు వానిని గ్రంథాలయమునకు తెచ్చి చూపిన మేలు.

డెల్టానుండి అమెరికాకు పోయినవారి విషయమున పంచాంగమే ఒక చిక్కు తెచ్చిపెట్టినది. సూర్యోదయమునకు పాడ్యమి తిథి యున్న దినమే ఉగాది. తిథి లోకమంతటికి ఒక్క క్షణముననే మారును, సూర్యుడు మాత్రము ఊరూరికి వేరువేళ ఉదయించును. 2021వ సంవత్సరమున ప్లవ నామ సంవత్సరపు పాడ్యమి ఏప్రిల్ 12వ తేదీ ఉదయము ఇంచుమించు ఎనిమిది గంటలకు మన దేశమున ప్రవేశించినది. అప్పటికే విజయవాడలో ప్రొద్దు పొడిచియుండుటచే పండుగ 13వ తేదీకి పోయినది. న్యూయార్కులో అది 11వ తేదీ రాత్రి పదిన్నర. తెల్లవారిన 12వ తేదీయే ఉగాది. కరోనా చేత రాకపోకలు తగ్గిన ఆ యేడు, అక్కడ ఉదయము ఏడింటికి స్నానము చేసి ఇంటికి ఫోను చేసిన కుమారునకు ఇచట సాయంకాలము నాలుగున్నర, “పండుగ రేపు కదా నాయనా” అను సమాధానము. మరునాడు ఆరింటికి తల్లి వేపపూవు కలిపిన పచ్చడి గిన్నె ముందుంచుకొని తిరిగి పిలిచినప్పుడు, అతని యింట గడియారము 12వ తేదీ రాత్రి ఎనిమిదిన్నర చూపుచుండెను; అతనికి ఉగాది ఇంకను మూడున్నర గంటలు మిగిలియుండెను.