అల్యూమినియములో కఠినకణములు: ఒక అరుగుదల చరిత్ర

1886లో అమెరికాయందు హాల్, ఫ్రాన్సునందు ఎరూ, ఒకరి ప్రయత్నము నొకరెఱుగకయే, విద్యుద్విశ్లేషణముచే అల్యూమినియమును చౌకగా రాబట్టు మార్గమును కనుగొనిన నాటినుండియు, ఇనుము బరువులో మూడవవంతు మాత్రమే తూగు నీ లోహమును యంత్రములలో కదలాడెడి భాగములకు వాడవలెనను కోరిక ఇంజనీర్లను వీడలేదు. కాని యది మెత్తని లోహము. కందెన లేక ఉక్కుతో రాచుకొన్నచో దాని పైపొర చిరిగి యుక్కున కంటుకొనును, బరువు హెచ్చినకొలది రెండును ఒకదాని నొకటి పట్టివేసి కదలిక స్తంభించును. 1891లో ఏచిసన్ విద్యుత్కొలిమిలో తయారుచేసిన సిలికాన్ కార్బైడు, మనము కార్బొరండమను పేర సానరాళ్ళలో నెఱిగినది, కాఠిన్యమున వజ్రమునకు చేరువయైనను బరువున అల్యూమినియమునకు దగ్గఱగనే యుండును. ఇట్టి జంట కంటియెదుట నున్నను, కఠినకణములను అల్యూమినియపు పోతలో నిలుపు విద్య కుదురుటకు ఇంచుమించు ముప్పాతిక శతాబ్దము పట్టినది.

ఈ నడుమ ఘర్షణశాస్త్రము వేఱుదారిని నడచెను. 1699లో అమాంటన్, 1785లో కూలూం స్థాపించిన నియమములు జారుడును నిరోధించు బలమును గూర్చినవే కాని, ఆ జారుటలో నష్టమగు పదార్థమును గూర్చినవి కావు. నున్ననివిగా కనబడు తలములు కొలది శిఖరములవద్ద మాత్రమే నిజముగా తాకుననియు, బరువుచే నచ్చట లోహము లోహముతో అతుకుకొనుననియు కేంబ్రిడ్జి పండితులగు బౌడెన్, టేబర్ 1950లో గ్రంథస్థము చేసిరి. 1953లో ఆర్చర్డు, అరిగిపోవు పరిమాణము బరువునకును జారిన దూరమునకును అనులోమముగను, మెత్తని తలముయొక్క కాఠిన్యమునకు విలోమముగను ఉండునని సూత్రీకరించెను. అరుగుదలను లెక్కకు లోబఱచిన ఘనత ఈ సూత్రమునకు దక్కవలసినదే. అయినను కాఠిన్యము పెంచిన చాలును, అరుగుదల తానే తగ్గునను అతివిశ్వాసమునకు గూడ నిదియే మూలమైనదని నా యభిప్రాయము.

పోతవిద్యలో తొలియడుగులు 1960 దశకమున పడినవి. అమెరికాలో ఇంటర్నేషనల్ నికెల్ కంపెనీ పరిశోధకులగు బాడియా, ప్రదీప్ రోహత్గీ నికెలుపూత గల గ్రాఫైటు రేణువులను కరగిన అల్యూమినియములోనికి వాయుధారతో నెక్కించిరి. 1968 ప్రాంతమున కాన్పూరు ఐ.ఐ.టి.లో ఎస్. రే అల్యూమినా పొడిని కలియబెట్టి కలిపెను. రోహత్గీ పిమ్మట స్వదేశమునకు వచ్చి బెంగుళూరు, తిరువనంతపురము, భోపాలులందు ఈ పరిశోధనను పెంపొందించెను. ఇది సులువైన పని కాదు. మూసలోని ద్రవమును రెక్కలతో త్రిప్పి, ఏర్పడిన సుడిలో పొడిని చల్లినను, కరగిన అల్యూమినియము దానిని తడుపక వెలుపలికి నెట్టివేయును. కావున రేణువులను ముందుగ కాచి తేమను, వాయువులను తొలగింపవలెను, ద్రవమున కొంత మెగ్నీషియమును చేర్పవలెను. వేడి మితిమీఱినచో సిలికాన్ కార్బైడు లోహముతో చర్యనొంది, తేమకు చెడిపోవు పెళుసైన అల్యూమినియము కార్బైడు పుట్టును. సిలికాన్ దండిగా గల మిశ్రలోహము నెన్నుకొనుటకు కారణ మిదియే.

ఇట్టి సంయుక్తపదార్థము రాపిడిలో నెట్లు ప్రవర్తించునో నిగ్గుతేల్చిన పరిశోధనలలో, కెనడాలోని విండ్సరు విశ్వవిద్యాలయమున అల్పాస్, జాంగ్ 1990 దశకపు తొలినాళ్ళలో చేసినవి మిక్కిలి విలువైనవిగా నాకు తోచును. బరువు స్వల్పమైనప్పుడు పైకి పొడుచుకొనియున్న కార్బైడు కణములే భారమును మోయుచు, ఎదుటి ఉక్కును గీరును. అట్లు రాలిన ఇనుము కొంత ఆక్సైడుగా మాఱి, సంయుక్తపు తలముపై పొరగా పఱచుకొని దానిని కాపాడును. ఒకదాని రక్ష వేఱొకదాని క్షయముచే సమకూడుచున్నదన్నమాట! బరువు కణములను పగులగొట్టు మేరకు పెరిగినప్పుడు అవి చిట్లి, కణములు లేని మిశ్రలోహ మరిగినట్లే యిదియు నరుగును. ఇంకను బరువు పెంచినచో, సామాన్య మిశ్రలోహము తీవ్రక్షయమునకు లోనై ఉక్కును పట్టివేయు దశయందు, సంయుక్తము మాత్రము మఱికొంత బరువునకు ఓర్చుకొనగలుగును. కాఠిన్య మొక్కటియే యీ మూడు దశలను వివరింపజాలదు. కణమును లోహ మెంత గట్టిగా పట్టియున్నది, ఎదుట నున్న తల మెట్టిది, నడుమ నేర్పడిన పొర నిలుచునా రాలునా యన్న ప్రశ్నలకే ప్రాధాన్యము హెచ్చినది.

పరిశ్రమ యింతవఱకు వేచియుండలేదు. 1983లోనే టొయోటా సంస్థ డీజిలు పిస్టనులలో రింగు కూర్చుండు గాడిని సిరామిక్ నారలతో బలపఱచెను. 1996లో వచ్చిన లోటస్ ఎలీజ్ కారునకు సంయుక్తపు బ్రేకు డిస్కులు అమర్చిరి కాని, తరువాతి తయారీలో పోతయినుప డిస్కులే మరల వచ్చినవి.

ఎదుటి తలమును గీరు దోషమును తగ్గించుటకై కార్బైడుతోబాటు గ్రాఫైటును గూడ చేర్చు పద్ధతి పిమ్మట ప్రబలినది. గ్రాఫైటు చేరిన కాఠిన్యము తగ్గును. ఆర్చర్డు లెక్కప్రకారము అరుగుదల హెచ్చవలెను. అయినను రాపిడిలో నది పలుచని పొరగా పఱచుకొని కందెనయై పనిచేయుటచే, తగుపాళ్ళలో నున్నంతవఱకు రెండు తలములును తక్కువగా నరుగును. పాలు మించినచో పదార్థమే బలహీనమై ఫలితము తలక్రిందులగును. ఆ తగుపా లెంతయన్నది కణపరిమాణమును, బరువును, వేగమును బట్టి మాఱుచుండుటచే, తిరుగుచున్న ఉక్కుపళ్ళెముపై సంయుక్తపు కడ్డీని నొక్కియుంచి, ముందు వెనుకల తూచి, తగ్గిన బరువునుబట్టి ప్రతి కూర్పునకును వేర్వేఱుగ నిర్ణయించుకొనవలసియే యున్నది.